కోసిన పంట ఎందుకు పాడవుతుందో చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మూడెకరాల మిర్చి, గట్ల మీద కొన్ని మామిడి చెట్లు ఉన్నయి. మా బిడ్డ ఇంటర్ బైపీసీ పాసైంది. నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఎప్‌సెట్ కూడా రాసింది. మళ్లీ నీట్ రాయడానికి లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పంపుతమంటే వద్దంటోంది. పోయిన సీజన్‌లో రేటు లేదని ఆపిన మిర్చి బస్తాల్లోనే బూజు పట్టింది. అప్పటి నుంచి "కోసిన పంట ఎందుకు పాడవుతదో అదే చదువుత" అంటోంది. చుట్టాలేమో అగ్రికల్చర్ చదివినా మళ్లీ మట్టి పనే అంటున్నరు. దీనికి నిజంగా చదువుందా సార్, ఉద్యోగముందా?
– ఒక తండ్రి, వరంగల్ జిల్లా

జవాబు: నమస్తే అన్నా. చదువూ ఉంది, ఉద్యోగమూ ఉంది. కాకపోతే ఇంటర్ కాగానే నేరుగా ఆ సబ్జెక్టులో చేరలేం. ముందు హార్టికల్చరో అగ్రికల్చరో నాలుగేళ్లు చదవాలి. ఆ తర్వాత పీజీలో మీ బిడ్డ అడిగిన ప్రశ్ననే పట్టుకుని చదవొచ్చు. కోర్సుల సంగతి చెప్పేముందు ఆ ప్రశ్న ఎంత పెద్దదో మీకు చెప్పాలి. అది తెలిస్తేగానీ ఆమె ఎందుకు పట్టుబడుతోందో అర్థం కాదు.

మీ మామిడి చెట్టునే తీసుకోండి. కోసినప్పుడు కాయ నున్నగా, పచ్చగా ఉంటుంది. గడ్డిలో మాగేసిన నాలుగైదు రోజులకు తోలు మీద నల్ల మచ్చలు లేస్తాయి. మాగబెట్టిన చోటే ఏదో అంటుకుందని అనుకుంటాం. అసలు సంగతి వేరు. పక్షికన్ను తెగులు కలిగించే కొల్లెటోట్రైకమ్ అనే శిలీంధ్రం పూత, పిందె దశలోనే వానకో మంచుకో కాయలోకి దిగుతుంది. పచ్చికాయ తోలులో దాన్ని అణిచిపెట్టే పదార్థాలు ఉంటాయి కాబట్టి నెలల తరబడి కదలకుండా ఉండిపోతుంది. కాయ పండేకొద్దీ ఆ పదార్థాలు తగ్గుతాయి, శిలీంధ్రం లేస్తుంది. అంటే గోదాములో కనిపించే తెగులు తోటలో మొదలైంది. తొడిమ దగ్గర మొదలై కాయంతా నల్లబడే కుళ్లు వేరే శిలీంధ్రం పని. తొడిమ ఊడేలా కాయను గుంజి కోసినా, నేల మీద వేసినా అది సులువుగా చొరబడుతుంది.

మరి కోసిన తర్వాత చేయగలిగింది ఏమీ లేదా అంటే, ఉంది. కోసిన వెంటనే కాయల్ని 52 డిగ్రీల వేడి నీళ్లలో దాదాపు 10 నిమిషాలు ఉంచితే తోలులో దాగిన పక్షికన్ను చాలావరకు చస్తుంది. వేడి పెరిగితే తోలు కమిలిపోతుంది, తగ్గితే శిలీంధ్రం బతికిపోతుంది. ఆ కొలత తెలిసిన మనిషి ప్యాక్‌హౌస్‌లో, అంటే కాయల్ని శుభ్రం చేసి పెట్టెల్లో సర్దే చోట కావాలి. జగిత్యాల నుంచి ఢిల్లీకి లారీల్లో మామిడి పోతుందే, దారిలో ఎన్ని కాయలు నిలుస్తాయన్నది ఇలాంటి పనుల మీదే ఆధారపడుతుంది.

ఇంకోటి, కోల్డ్ స్టోరేజీలో పెడితే అన్నీ భద్రమని చాలామంది అనుకుంటారు. పచ్చి మామిడిని 12, 13 డిగ్రీల కన్నా కిందకు ఎక్కువ రోజులు పెడితే చలిదెబ్బ తగులుతుంది. తోలు గుంటలు పడుతుంది, సరిగా పండదు, బయటికి తీయగానే కుళ్లు అందుకుంటుంది. పచ్చి టమాటాదీ దాదాపు ఇదే కథ. ఏ పంటకు ఎంత చల్లదనం, ఎంత తేమ అన్నదే ఈ చదువులో సగం.

ఇప్పుడు మీ మిర్చి. కాయలో తేమ 10, 11 శాతం దాటి ఉండగా బస్తా కుట్టేస్తే లోపల బూజుకు కావాల్సినవన్నీ దొరికినట్టే. కళ్లంలో పైకాయ గలగలలాడుతుంది గానీ కుప్ప అడుగున ఉన్నది మెత్తగానే ఉండొచ్చు. కోల్డ్ స్టోరేజీ నుంచి తెచ్చిన బస్తాను ఎండాకాలం వేడిలో వెంటనే విప్పినా ప్రమాదమే. చల్లటి కాయకు వేడిగాలి తగిలి చెమట పడుతుంది, ఆరిన కాయ మళ్లీ తడుస్తుంది. మీ బస్తాల్లో ఏం జరిగిందో చూడకుండా చెప్పలేను. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను: ఆ బూజు కాయలు ఇంకా ఇంట్లో ఉంటే వాటితో కారం పట్టించకండి, పశువులకూ వేయకండి.

కారణం చెప్తాను. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. దానికి వాసన ఉండదు. వండినా వేయించినా పూర్తిగా పోదు. లివర్‌ను దెబ్బతీస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. అందుకే యూరప్ దేశాలు కిలో ఎండుమిర్చిలో మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటితే తీసుకోవు. ఒక గ్రామును పది లక్షల వంతులు చేస్తే అందులో ఒక వంతు మైక్రోగ్రాము. అంత సూక్ష్మంగా కొలిచే ల్యాబ్‌లు, కొలిచే మనుషులు ఉంటేనే ఎనుమాముల మార్కెట్ కాయ సముద్రం దాటుతుంది. మన చపాటా మిర్చికి 2025లో జీఐ (ఫలానా ప్రాంతానిదే అని చెప్పే) గుర్తింపు వచ్చింది. దాని విలువంతా ఎర్రటి రంగులోనే ఉంది, నిల్వలో తేడా వస్తే ముందు పోయేది ఆ రంగే.

నష్టం లెక్క కూడా చూడండి. లూధియానాలో కోత తర్వాతి పనుల మీద పరిశోధించే సీఫెట్ సంస్థ 2015లో ఇచ్చిన అంచనా ప్రకారం కోత నుంచి నిల్వ, అమ్మకం దాకా జామలో 15.88 శాతం, టమాటాలో 12.44 శాతం పోతోంది. అదంతా తెగుళ్ల వల్లే కాదు, దెబ్బలు, రవాణా అన్నీ కలిపి. ఎవరో పెట్టుబడి పెట్టి, నీళ్లు కట్టి, కూలీలను పెట్టి కోయించిన పంట అది. దాన్ని కాపాడే చదువును మట్టి పని అని తీసిపారేస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇక దారి. ఎప్‌సెట్ అగ్రికల్చర్ ర్యాంకుతో బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్, బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్ సీట్లు ఇస్తారు. మీ బిడ్డకున్న ఆసక్తికి నేనైతే హార్టికల్చర్ ముందు రాయమంటాను. పండ్లు, కూరగాయలు, మిర్చి, పసుపు అన్నీ అందులోకే వస్తాయి. కొండా లక్ష్మణ్ హార్టికల్చర్ యూనివర్సిటీ ములుగులో ఉంది. మన పక్క జిల్లా ములుగు కాదు, సిద్దిపేట జిల్లా ములుగు. అగ్రికల్చర్ అయితే జయశంకర్ వర్సిటీ కాలేజీలు వరంగల్, జగిత్యాలలో ఉన్నాయి. దాని వల్ల వచ్చే నష్టమేమీ లేదు, అక్కడ ప్లాంట్ పాథాలజీ, అంటే మొక్కల తెగుళ్ల శాస్త్రం బాగా చెప్తారు. మెషీన్లు, ప్రాసెసింగ్ వైపు మనసుంటే నిజామాబాద్ జిల్లా రుద్రూర్‌లో ఫుడ్ టెక్నాలజీ కాలేజీ ఉంది, దానికి అర్హత ఏంటో నోటిఫికేషన్‌లో చూసుకోండి. పీజీకి పోస్ట్ హార్వెస్ట్ (కోసిన తర్వాత పంటను కాపాడే చదువు) లేదా ప్లాంట్ పాథాలజీ. ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పరీక్షలో మంచి ర్యాంకు వస్తే ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఐఏఆర్ఐ దాకా వెళ్లొచ్చు. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలో ఫుడ్ టెక్నాలజీ పీజీ కూడా ఆమె గుర్తుంచుకోవాల్సిందే.

ఈ సీట్లు ఏవీ రాకపోతే మైక్రోబయాలజీతో మామూలు బీఎస్సీ చేసి, కాకతీయ యూనివర్సిటీలో పీజీ చేయొచ్చు. ల్యాబ్ ఉద్యోగాలకు, ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు ఆ డిగ్రీ పనికొస్తుంది. హార్టికల్చర్ ఆఫీసర్ పోస్టుకు మాత్రం పనికిరాదు. ఇది ముందే తెలిసి చేరాలి.

ఉద్యోగాల విషయంలో దాచకుండా చెప్తాను. ప్రభుత్వ హార్టికల్చర్ ఆఫీసర్, ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ నోటిఫికేషన్లు ఏటా రావు. వాటి మీదే ఆశ పెట్టుకుంటే టెన్షన్ తప్పదు. ప్రైవేటులో సరుకును చల్లగా నిల్వ చేసి తరలించే కోల్డ్ చెయిన్ కంపెనీలు, ప్యాక్‌హౌస్‌లు, మసాలా ఎగుమతిదారులు, టెస్టింగ్ ల్యాబ్‌లు, కూరగాయలు కొనే పెద్ద స్టోర్లు తీసుకుంటాయి. మొదటి జీతం గొప్పగా ఉండదు, ఊరు దాటాలి, లోడ్ వస్తే వేళాపాళా ఉండదు. రెండు మూడేళ్లు నిలబడి పని నేర్చుకున్నవాళ్లకు మాత్రం డిమాండ్ ఉంది. పీహెచ్‌డీ వరకు వెళ్తే సైంటిస్టు, ప్రొఫెసర్ పోస్టులకు పోటీ పడొచ్చు.

లాంగ్ టర్మ్ వద్దని ఆమే అంటోంది కదా, బలవంతం చేయకండి. మనసు లేని ఏడాది, దానికయ్యే ఫీజు, రెండూ వృథా. డాక్టర్ అవ్వాలన్న కోరిక ఇంకా లోపల ఉందేమో ఒకసారి మెల్లగా అడగండి. లేదంటే ఆ మాట అక్కడితో వదిలేయండి.

ఒక జాగ్రత్త: "ర్యాంకు లేకున్నా అగ్రికల్చర్ సీటు" అని ఫోన్లు వస్తాయి. ఆ కాలేజీకి, యూనివర్సిటీకి ఐసీఏఆర్ గుర్తింపు ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయి కట్టొద్దు. గుర్తింపు లేని డిగ్రీతో పీజీ దగ్గర, ప్రభుత్వ పోస్టుల దగ్గర ఆగిపోతారు.

మీకు భూమి ఉంది కాబట్టి వర్సిటీ కౌన్సెలింగ్‌లో రైతు కుటుంబాల కోటా మర్చిపోకండి. దానికి పల్లెటూళ్లో కనీసం నాలుగేళ్లు చదివినట్టు బోనఫైడ్, పట్టాదారు పాస్‌పుస్తకం అడుగుతారు. ఈ ఏటి షరతులు నోటిఫికేషన్‌లో చూసుకుని, స్కూలు సర్టిఫికెట్లు ఈ వారంలోనే తెప్పించండి. పాస్‌పుస్తకంలో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో కూడా చూడండి. తేడా ఉంటే తహసీల్ ఆఫీసులో సరిచేయించడానికి టైం పడుతుంది.