గుండె కవాటాలు (రక్తాన్ని ఒకే దిశలో పోనిచ్చే తలుపులు) ఎందుకు మూసుకుంటాయో విద్యార్థినులకు చెప్పడం ఎలా?

నమస్కారం మేడమ్. మీ నర్సింగ్ మొదటి సంవత్సరం విద్యార్థినులు గుండెలో రక్తం ప్రవహించే మార్గాన్ని తడబడకుండా అప్పజెబుతున్నారనీ, కవాటం ఎందుకు మూసుకుంటుందని అడిగితే మాత్రం మౌనంగా ఉండిపోతున్నారనీ రాశారు. నా అభిప్రాయంలో లోపం వారిది కాదు. నిర్మాణాన్ని ఒక వారం, పనితీరును మరో వారం విడదీసి చెప్పే పద్ధతిది.

మాంసం దుకాణంలో మేక గుండెను, బృహద్ధమని (గుండె నుంచి శరీరానికి రక్తాన్ని తీసుకెళ్లే పెద్ద నాళం) మొదలును కత్తిరించకుండా ఇమ్మని ముందుగానే చెప్పి తెప్పించండి. జఠరికను (గుండె కింది గదిని) కోయకముందే బృహద్ధమనిలో నీరు పోయిస్తే, దాని మొదట్లోని అర్ధచంద్రాకార కవాటం రేకులు కలుసుకుని నీటిని నిలిపివేయడం వారు కళ్లారా చూస్తారు. కొంత నీరు, గుండె కండరానికే రక్తాన్నిచ్చే కరోనరీ ధమనుల గుండా జారిపోతుంది. ఆ రంధ్రాలు కవాటానికి సరిగ్గా పైనే ఉన్నాయని చూపడానికి అదే మంచి అవకాశం. తరువాత కోసి, రెండు జఠరికల గోడల మందాన్ని పోల్చమనండి.

అప్పుడే బోర్డుపై పీడనాలు రాయండి. ఎడమ జఠరికలో పీడనం దాని పై గది అయిన కర్ణికలోని పీడనాన్ని దాటగానే ఆ రెంటి మధ్యనున్న మిట్రల్ కవాటం మూసుకుని మొదటి శబ్దం వినిపిస్తుందనీ, జఠరికలోని పీడనం బృహద్ధమనిలోని సుమారు 80 మి.మీ. పాదరసాన్ని దాటేదాకా బృహద్ధమని కవాటం తెరుచుకోదనీ, ఆ స్వల్ప వ్యవధిలో రెండు కవాటాలూ మూసే ఉంటాయనీ వారిచేతనే చెప్పించండి. చివర్లో ఒకరి ఛాతీపై స్టెతస్కోపు ఉంచి, మణికట్టు నాడిని పట్టుకుని, నాడి ఏ శబ్దం తరువాత తగులుతోందో గమనించమనండి.

పరీక్షలో బొమ్మకు బదులు, బృహద్ధమని కవాటం సరిగా మూసుకోకపోతే డయాస్టోలిక్ పీడనం (గుండె సడలినప్పటి రక్తపీడనం) ఏమవుతుందని అడిగి చూడండి.