సైన్సు క్లాసు, ఖో-ఖో జట్టు, తేనె పెట్టెలు: ఒక్కరి వల్ల అవుతుందా?

చంద్రగిరి వైపు హైస్కూల్లో సైన్సు చెబుతూ, సాయంత్రాలు పిల్లల చేత ఖో-ఖో ఆడిస్తూ, ఇంటి పక్క మామిడి తోటలో పుట్ట తేనెటీగల్ని పెట్టెల్లో పెంచొచ్చా అని అడిగారు మేడమ్. పెంచొచ్చు. కాకపోతే టైంటేబుల్లో మొదటి గడి ఈగలకే ఇవ్వాలి. పాఠం రేపు చెప్పుకోవచ్చు, ప్రాక్టీసు ఒక పూట కెప్టెన్‌కు అప్పజెప్పొచ్చు. గుంపు మాత్రం మన తీరిక చూసుకుని ఆగదు.

కొత్త రాణి కోసం కట్టిన గదికి గుడ్డు పెట్టిన ఎనిమిదో రోజుకు అటూ ఇటూగా మూత పడుతుంది. దాదాపు అప్పుడే పాత రాణి సగం ఈగల్ని వెంటేసుకుని లేచిపోతుంది. అందుకే మామిడి పూతకొచ్చే జనవరి నుంచి మార్చి దాకా ఏడు రోజులకోసారి పెట్టె తెరవాలి. పది రోజులైతే చెయ్యి దాటినట్టే. తేనెపట్టు కింది అంచున శెనక్కాయల్లా వేలాడే రాణిగదులు కనిపిస్తే గుంపును రెండు పెట్టెల్లోకి విడదీయండి. పట్టు నడిమధ్య ఒకటో రెండో మాత్రమే ఉంటే తుంచొద్దు, అక్కడ రాణి చచ్చిపోయి ఉండొచ్చు. రెండు పెట్టెలతో మొదలుపెట్టమనేది కూడా ఇందుకే: ఒకదాంట్లో రాణి పోతే, రెండోదాంట్లోంచి మూడు రోజుల్లోపు గుడ్లున్న ఒక ఫ్రేము (పట్టు కట్టిన చట్రం) ఇస్తే అవే కొత్త రాణిని పెంచుకుంటాయి.

ఆదివారం పొద్దున 9 నుంచి 11 లోపు తెరవండి. ముదురు ఈగలు ఎక్కువ భాగం పూల మీదుంటాయి. టెంకాయ పీచుతో రెండు మూడు సార్లు పొగ, పెట్టెకు పది నిమిషాలు, అంతే. తెరిచినప్పుడల్లా అడుగు పలక గీకి తుడవండి. పట్టును తినేసే మైనపు చిమ్మట పురుగు పెరిగేది అక్కడ రాలిన చెత్తలోనే. ప్రాక్టీసయ్యాక చెమట ఒంటితో సాయంత్రం తెరిస్తే ఈగలన్నీ ఇంట్లోనే ఉంటాయి, కుట్టక మానవు.

ఇంకో సంగతి. ఆట అయ్యాక పిల్లలకు అరటిపండ్లు పంచుతారు కదా, ఆ చేతులతో పెట్టె దగ్గరికి పోవద్దు. ఈగ కుట్టినప్పుడు మిగతావాటికి ప్రమాదం చాటే వాసనలో ముఖ్యమైనది ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్. అరటిపండు వాసనకూ అదే కారణం. పదో తరగతిలో ఎస్టర్ల పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఎవరికైనా కుడితే ముల్లును వెంటనే గోటితో గీకెయ్యండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యండి. పెట్టెలు బడి ఆవరణలో మాత్రం వద్దు.

అసలు గండం పురుగుమందు. పూత రసం పీల్చే తేనెమంచు పురుగుకు ఇమిడాక్లోప్రిడ్ అనే మందు కొడతారు, అది ఈగలకు విషం. చెట్టులోకి ఇంకి పూదేనెలోకీ రాగలదు కాబట్టి పెట్టెను ఒక పూట మూసిపెట్టినంత మాత్రాన చాలదు. తోట రైతుతో ముందే మాట్లాడుకుని, ముందురోజు చీకటి పడ్డాక పెట్టె ద్వారానికి వల కట్టి, కనీసం మూడు కిలోమీటర్ల అవతలికి మార్చండి. అంతకంటే దగ్గరైతే ఈగలు పాత చోటికే తిరిగొస్తాయి.

తేనె అరలో ముప్పావు వంతు గదులు మూతపడ్డాకే తీయాలి, లేకపోతే నీరు ఎక్కువై పులుస్తుంది. ఈగ పిల్లలు పెరిగే అర జోలికి పోవద్దు. పదో తరగతి పరీక్షలు కూడా మార్చిలోనే కాబట్టి తేనె తీసే ఆదివారాన్ని ముందే ఖాళీగా పెట్టుకోండి.

ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీల హడావుడి ఉండే వానకాలంలో ఈగలకు పని తక్కువ. పూలు లేనప్పుడు కిలో చక్కెరకు లీటరు నీళ్లు కలిపి, పెట్టెకు పావు లీటరు, పుల్లలు వేసిన గిన్నెలో, పెట్టె లోపలే, సాయంత్రం పెట్టండి. పగలు పెడితే పక్క గుంపు దోచుకుంటుంది. పెట్టె కాళ్ల కింది గిన్నెల్లో నీళ్లు ఎండితే చీమలు ఎక్కేస్తాయి.

ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలోనే, నీడలో గులకరాళ్లు వేసిన నీళ్ల తొట్టి పెట్టండి. ఒకసారి బడి కొళాయికి అలవాటు పడ్డాయంటే మళ్లించడం చాలా కష్టం, అక్కడ నీళ్లు తాగేది పిల్లలు.