ఆ చిరిగిన డాలరు నోటు

అమ్మాయీ,

కంబోడియా రాజధాని ఫ్నోంపెన్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రాత్రే చదివాను. కోపం వచ్చింది, అందుకే వెంటనే జవాబు రాయలేదు. తెల్లారేసరికి కోపం అలాగే ఉంది గానీ, ఒక్క చోటు మాత్రం మనసులోంచి పోవడం లేదు. బజారులో నంబాన్‌చోక్ అమ్మే ముసలావిడ. బియ్యపు నూడుల్స్ మీద చేపల పులుసు పోసి ఇచ్చింది. నువ్విచ్చిన డాలరు నోటును వెలుతురుకు ఎత్తి చూసి, అంచున గోరంత చిరుగు ఉందని వెనక్కి ఇచ్చేసింది. వేరే నోటు ఇచ్చాక, నీకు చిల్లరగా రావాల్సిన వాళ్ల దేశపు 2,000 రియల్ నోటును ఒళ్లో పెట్టుకుని, అరచేత్తో మడతలు సాపు చేసి ఇచ్చింది.

ఇంత చూసి ఏం చేశావు? "చిన్న చిరుగుకే ఇంత రాద్ధాంతమా" అని ఒక మాట అనేసి రాజప్రాసాదానికి వెళ్లిపోయావు. అక్కడ "వర్ణనాతీతం". ఖ్మేర్ రూజ్ వాళ్ల పాత జైలు తువోల్ స్లెంగ్‌లో "మాటలు చాలవు". అది ఒకప్పుడు బడి అమ్మా. తరగతి గదుల్లో ఇటుకలతో కొట్లు కట్టి మనుషుల్ని బంధించారు. ఆ కొట్లో నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. మాటలు చాలకపోవడమేం, నువ్వు చేతులు చాపి చూడలేదు, అంతే.

ఆ ముసలావిడ దగ్గర ఇంకాస్త సేపు ఎందుకు ఆగలేదు? 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల సైన్యం ఆ ఊళ్లోకి వచ్చింది. కొద్దిరోజుల్లోనే జనాన్నంతా పల్లెలకు తరిమేశారు. డబ్బు అనేదాన్నే రద్దు చేశారు, జాతీయ బ్యాంకును పేల్చేశారు. రియల్ మళ్లీ వచ్చింది 1980లో. 1992, 93లలో ఐక్యరాజ్యసమితి వాళ్లు వచ్చినప్పుడు డాలర్లు ఊరంతా నిండాయి. ఇప్పటికీ రెండూ నడుస్తాయి, డాలరుకు ఇంచుమించు 4,000 రియల్ లెక్కన. చిరిగిన డాలరు ఆవిడ తీసుకుంటే రేపు ఆవిడ దగ్గర ఎవరూ తీసుకోరు. ఆవిడకు డెబ్భై ఏళ్లుంటాయని నువ్వే రాశావు. అంటే, నోట్లు చిత్తుకాగితాలైపోయిన నాటికి ఇరవై ఏళ్ల పిల్ల. ఆవిడ మనసులో ఏముందో రాయమనను, అది నీకూ నాకూ తెలియదు. చేతులు ఏం చేశాయో మాత్రం నువ్వు చూశావు. ఆ చేతుల పక్కన ఆ తేదీ పెట్టు. నీ వ్యాసం అక్కడ మొదలవుతుంది.

ఆ నోటు ఇంకా నీ దగ్గరుంటే తీసి చూడు. ఖ్మేర్ అంకెల్లో రెండువేలు ఉంటుంది. పక్కనే తెలుగు అంకెల్లో ౨౦౦౦ అని రాసుకో. వాళ్ల రెండూ మన రెండూ దాదాపు ఒక్కలాగే ఉంటాయి. రెండు లిపులకూ మూలం దక్షిణాది బ్రాహ్మీయే. "అక్కడి రాత ఒక్క ముక్క అర్థం కాలేదు" అన్నావే, మన పాత పుస్తకాల్లో పేజీ నంబరుగా ఉన్న అంకె నీ చేతిలోనే ఉంది.

పాతికేళ్ల కిందట నేనూ ఆ ఊళ్లో దిగాను. వీధులు తేలికే: బేసి నంబర్లవి ఉత్తర దక్షిణాలుగా, సరి నంబర్లవి తూర్పు పడమరలుగా పోతాయి. ఇళ్ల నంబర్లకే వరస లేదు. ఒకే నంబరు ఒకే వీధిలో రెండిళ్లకు కనిపించింది. బ్యాగు మోసుకుంటూ గంటన్నర తిరిగాను. చివరికి ఒక మందుల షాపు కుర్రాడు షట్టర్ సగం దించి, నాతోపాటు నడిచొచ్చి గెస్ట్‌హౌస్ చూపించాడు. అదే రాసి ఒక పత్రికకు పంపితే, "దారి తప్పిన గొడవ పాఠకులకెందుకండీ, చూడదగ్గ ప్రదేశాలు కావాలి" అని ఎడిటర్ గారు ఆ పేజీ మొత్తం కొట్టేశారు. గుడి ఎత్తెంతో మాత్రం ఉంచారు. ఆ సగం దించిన షట్టర్ కోసం నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఈ రోజుల్లో 'ఒక్క రోజులో పది చోట్లు' అనే పద్ధతి వచ్చింది. నువ్వు దానికి తగ్గట్టు ముందే నీ చేత్తో నువ్వే కత్తిరించుకుని పంపుతున్నావు. నా కోపమంతా దాని మీదే.

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు. అది తర్వాత చూద్దాం.

చివర్లో ప్రాసాదం ఎదుట గట్టు మీద రెండు గంటలు కూర్చుని "నది ప్రశాంతంగా పారుతోంది" అన్నావు. ఎటు పారుతోంది? నువ్వు వెళ్లింది ఆగస్టులో. వానాకాలంలో మెకాంగ్ నది పొంగి తోస్తుంటే, నువ్వు చూసిన ఆ టోన్లే సాప్ నది వెనక్కి తిరిగి, తాను బయల్దేరిన సరస్సు వైపే పారుతుంది. మళ్లీ నవంబరు దరిదాపుల్లో దిక్కు మార్చుకుంటుంది, అప్పుడు పడవ పందేలతో పెద్ద పండుగ చేస్తారు. వీడియో తీశానన్నావుగా. అందులో గుర్రపుడెక్క గుబుర్లు ఎటు కొట్టుకుపోతున్నాయో చూసి, ఆ పేరా మళ్లీ రాసి పంపు. ఆ నోటు ఫోటో కూడా.

దీవెనలతో.