ఖాళీని భర్తీ చేస్తారు, న్యాయమూర్తిని కాదు

సందేహం: అమెరికా వార్తలు తెలుగులో రాస్తుంటాను. అక్కడి ఒక రాష్ట్ర సుప్రీంకోర్టులో ఒకరు పదవీ విరమణ చేయగా, గవర్నర్ మరొకరి పేరు ప్రకటించారు. నేను ‘పదవీ విరమణ చేసిన సర్వోన్నత న్యాయస్థానం న్యాయమూర్తిని గవర్నర్ భర్తీ చేశారు’ అని రాశాను. ‘భర్తీ’ తప్పని, ‘సర్వోన్నత’ అంతకన్నా తప్పని ఒక మిత్రుడు అన్నాడు. ఏది సరైనది? అక్కడి న్యాయమూర్తుల పేర్లకు ముందు ‘జస్టిస్’ అని పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ మిత్రుడి చెవికి ఏదో తేడాగా తగిలింది నిజమే. అయితే తప్పు ‘భర్తీ’లో లేదు, ‘న్యాయమూర్తిని’ అన్నచోట ఉంది. భర్తీ అంటే వెలితిని నింపడం. ఖాళీని భర్తీ చేస్తాం, పోస్టును భర్తీ చేస్తాం, లోటును, నష్టాన్ని కూడా భర్తీ చేస్తాం. వెళ్లిపోయిన మనిషిని భర్తీ చేయలేం, ఆయన వదిలిన స్థానాన్ని చేస్తాం. ‘వెయ్యిమందిని భర్తీ చేస్తారు’ అని పత్రికలు రాస్తున్నాయి కదా అని మీరు అడగవచ్చు. అక్కడ ఉద్దేశం కొత్తవాళ్లను చేర్చుకోవడం. నాకు అదీ రుచించదు కానీ అర్థం తారుమారు కాదు. మీ వాక్యంలో మాత్రం భర్తీ అయింది వెళ్లినాయనా, వచ్చినాయనా అన్నది తేలడం లేదు.

‘ఖాళీ’, ‘భర్తీ’ రెండూ బయటినుంచి వచ్చిన మాటలే. ఖాళీ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చి, మన నోట ‘ల’కు బదులు ‘ళ’ తెచ్చుకుంది. భర్తీ హిందీ, మరాఠీల బంధువు. ఈ కారణం చూపి వీటిని తీసేసి ‘రిక్తత’, ‘పూరణ’ అని రాసేవారున్నారు. అక్కర్లేదు. పూరించడం ప్రశ్నపత్రంలోని ఖాళీలకు బాగుంటుంది. ఆఫీసు ఖాళీకి భర్తీయే నప్పుతుంది.

ఇంతవరకు సులువే. అసలు చిక్కు మీ వాక్యంలోని ‘గవర్నర్’ దగ్గర ఉంది. ఆ ఖాళీని గవర్నర్ ఒక్కరే భర్తీ చేశారా? అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి. ఒకచోట ఒక సంఘం పేర్లు ఏరుతుంది, గవర్నర్ అందులో ఒకరిని తీసుకుంటారు. ఇంకోచోట ఆ రాష్ట్ర చట్టసభలోని పైసభ అయిన సెనేట్ ఆమోదిస్తేనే పదవి దక్కుతుంది. వర్జీనియా, సౌత్ కరొలైనాలలో శాసనసభ్యులే ఓటు వేసి న్యాయమూర్తిని ఎన్నుకుంటారు. ఇంకా కొన్ని రాష్ట్రాల్లో ప్రజలే నేరుగా ఓటు వేస్తారు, పదవీకాలం మధ్యలో ఖాళీ వస్తే మాత్రం చాలాచోట్ల గవర్నర్ ఒకరిని నియమిస్తారు. వీటన్నిటికీ ‘భర్తీ చేశారు’ అన్న ఒక్క క్రియ తగిలిస్తే వ్యాకరణం నిలబడుతుంది, వార్త నిలబడదు. ఎవరు ఏం చేశారన్నది క్రియలోనే తెలియాలి. అందుకు తెలుగులో మాటల కరువేమీ లేదు.

మిజోరీ రాష్ట్రాన్ని తీసుకోండి. 1940లో మొదలైన అక్కడి పద్ధతిని తర్వాత చాలా రాష్ట్రాలు అనుసరించాయి. ఖాళీ ఏర్పడగానే ఒక సంఘం దరఖాస్తులు పరిశీలించి మూడు పేర్లు గవర్నర్‌కు పంపుతుంది. ఇది ‘ఎంపిక’, లేదా ‘సిఫారసు’. గవర్నర్ 60 రోజుల్లో ఆ ముగ్గురిలో ఒకరిని తీసుకోవాలి, లేకపోతే ఆ పని సంఘమే చేస్తుంది. ఇది ‘నియామకం’. ఆ సంఘాన్ని ‘కొలీజియం’ అని రాయవద్దు. మన కొలీజియంలో ఉండేది న్యాయమూర్తులే. మిజోరీ సంఘంలో లాయర్లు, న్యాయవృత్తితో సంబంధం లేని పౌరులు కూడా ఉంటారు. ‘ఎంపిక సంఘం’ అంటే చాలు.

మిజోరీలో కథ నియామకంతో ముగియదు. కొత్త న్యాయమూర్తి కనీసం ఏడాది పనిచేశాక, ‘ఈయనను కొనసాగించాలా?’ అని సాధారణ ఎన్నికల్లో ఓటర్లను అడుగుతారు. అవును, కాదు అనే రెండే జవాబులు. ప్రత్యర్థి ఉండడు. అవునంటే ఇంకో 12 ఏళ్లు. దీన్ని ఉత్త ‘ఎన్నిక’ అంటే మన పాఠకుడి కళ్లముందు నామినేషన్లు, గుర్తులు, డిపాజిట్లు మెదులుతాయి. నేనైతే ‘కొనసాగింపు ఓటు’ అంటాను. ఇలాంటి ఓటులోనే 1986లో కాలిఫోర్నియా చీఫ్ జస్టిస్ రోజ్ బర్డ్, ఆమెతోపాటు మరో ఇద్దరు న్యాయమూర్తులు పదవి పోగొట్టుకున్నారు. 2010లో అయోవాలో ముగ్గురికి అదే జరిగింది. వీళ్ల గురించి ‘ఎన్నికల్లో ఓడిపోయారు’ అని రాస్తే, ఎవరి చేతిలో అన్న ప్రశ్న వస్తుంది. ‘వారి కొనసాగింపును ఓటర్లు తిరస్కరించారు’ అనండి. ‘ప్రజలు తీర్పు చెప్పారు’ అన్న మన అరిగిపోయిన పత్రికా వాక్యం బహుశా ఇక్కడ ఒక్కచోటే కాస్త కొత్తగా వినిపిస్తుంది.

‘నామినేట్ చేశారు’ అని రాసేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. తెలుగులో నామినేషన్ అభ్యర్థి తనంతట తాను వేసే కాగితం. ‘నామినేటెడ్ పదవి’ అయితే ప్రభుత్వం నేరుగా కట్టబెట్టేది. అమెరికా గవర్నర్ చేసేది ఈ రెండూ కాదు. సెనేట్ ఆమోదం తప్పనిసరి అయినచోట ఆయన పేరు ప్రతిపాదిస్తారు, అంతే. 2022 ఆగస్టు చివర్లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానంలో ప్రధాన న్యాయమూర్తి పదవి ఖాళీ అయింది. డిసెంబరులో గవర్నర్ క్యాథీ హోకల్, హెక్టర్ లసాల్ పేరు ప్రకటించారు. 2023 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర సెనేట్ ఆ పేరును తోసిపుచ్చింది. తర్వాత ఏప్రిల్‌లో రోవన్ విల్సన్‌కు ఆమోదం దక్కింది. డిసెంబరులోనే ‘నియమించారు’ అని రాసిన విలేకరి ఫిబ్రవరిలో ‘నియామకం రద్దు’ అని రాయాల్సి వచ్చేది. అసలు జరగని నియామకం రద్దెలా అవుతుంది?

అంటే మీ వాక్యం ఇలా మారాలి. సెనేట్ ఆమోదం అక్కర్లేని రాష్ట్రమైతే: ‘న్యాయమూర్తి పదవీ విరమణతో ఏర్పడిన ఖాళీలో గవర్నర్ ఫలానావారిని నియమించారు.’ ఆమోదం కావాల్సి ఉంటే: ‘ఆ స్థానానికి ఫలానావారి పేరును గవర్నర్ ప్రతిపాదించారు.’ ‘నియమించబడ్డారు’ అని ‘బడు’ తగిలించనక్కర్లేదు, ‘నియమితులయ్యారు’ ఉండనే ఉంది. గవర్నర్ విషయంలోనూ ఒక ముక్క కలపండి. మన గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. అమెరికా గవర్నర్ ప్రజలు ఎన్నుకున్న పాలకుడు, ఆయన ఎంచుకునే పేరు వెనుక ఆయన రాజకీయమూ ఉంటుంది. ‘ముఖ్యమంత్రి’ అని మాత్రం మార్చేయకండి, అది ఇంకో తప్పు.

ఇక ‘సర్వోన్నత’. సర్వ, ఉన్నత కలిసి గుణసంధి. అతి, ఉన్నత కలిసి యణాదేశసంధి, అత్యున్నత. మన పత్రికలు సుప్రీంకోర్టుకు ఈ రెండూ వాడతాయి, హైకోర్టును ‘ఉన్నత న్యాయస్థానం’ అంటాయి. ‘సర్వ’ అన్నాక ఆపైన ఇంకొకటి ఉండకూడదు. రాష్ట్ర చట్టం విషయంలో అమెరికా రాష్ట్ర సుప్రీంకోర్టు మాటే ఆఖరిది. కానీ దేశ రాజ్యాంగంతో ముడిపడిన ప్రశ్నైతే వాషింగ్టన్‌లోని సుప్రీంకోర్టు దాకా వెళ్లవచ్చు. కనుక మీ మిత్రుడు అన్నది ఒప్పుకుంటాను: ‘సర్వోన్నత’ను వాషింగ్టన్‌కు వదిలేసి, ఇక్కడ ‘రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం’ అనండి. ‘రాష్ట్ర’ అన్న విశేషణం ఉంది కాబట్టి ఆ ‘అతి’ హద్దు దాటదు.

కోర్టు పేరును మాత్రం అనువదించకండి. న్యూయార్క్‌లో ‘సుప్రీంకోర్టు’ అనేది కేసులు మొదట విచారణకు వచ్చే కోర్టు. అక్కడ అన్నిటికన్నా పైది ‘కోర్ట్ ఆఫ్ అప్పీల్స్’. సుప్రీం అన్న మాట చూసి ‘అత్యున్నత’ అని రాశారో, కింది కోర్టును నెత్తికెక్కించినట్టే. మేరీలాండ్‌లోనూ ఒకప్పుడు పై కోర్టు పేరు కోర్ట్ ఆఫ్ అప్పీల్సే. 2022లో ఓటర్లు ఆమోదించాక దాన్ని సుప్రీంకోర్టుగా మార్చారు. పాత వార్త, కొత్త వార్త పక్కపక్కన పెట్టుకుని రాసేవారు ఇవి రెండు కోర్టులనుకునే ప్రమాదం ఉంది. టెక్సస్‌లో నిజంగానే రెండున్నాయి, సివిల్ కేసులకు సుప్రీంకోర్టు, క్రిమినల్ కేసులకు కోర్ట్ ఆఫ్ క్రిమినల్ అప్పీల్స్. అసలు పేరు అలాగే ఉంచి, పక్కన ‘ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం’ అని ఒకసారి చెబితే సరిపోతుంది.

చివరిది ‘జస్టిస్’. మన దగ్గర హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల పేర్లకు ముందు అది తప్పకుండా వస్తుంది, అందుకే మన కలం అలవాటుగా పెట్టేస్తుంది. కాలిఫోర్నియా, అయోవా వంటిచోట్ల పెట్టవచ్చు. న్యూయార్క్‌లో తిరగబడుతుంది: కింది సుప్రీంకోర్టులో ఉన్నవారు జస్టిస్‌లు, పై కోర్ట్ ఆఫ్ అప్పీల్స్‌లో ఉన్నవారు జడ్జిలు, వారి పెద్ద చీఫ్ జడ్జి. మిజోరీ సుప్రీంకోర్టులోనూ జడ్జిలే. రాష్ట్రం సంగతి కచ్చితంగా తెలియనప్పుడు పేరు రాసి, పక్కన ‘న్యాయమూర్తి’ అని ఊరుకోండి. జస్టిస్‌కైనా జడ్జికైనా ఆ మాట చెల్లుతుంది.