యానాది పిల్లల మీద పరిశోధన చేస్తానంటోంది, బీఈడీ మాన్పించమంటారా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం. మా అమ్మాయి బీఏ పూర్తి చేసింది. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివి, ఆ తర్వాత యానాది గిరిజన పిల్లల చదువుల మీద పరిశోధన చేస్తానని పట్టుబట్టి కూర్చుంది. మేమేమో బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నాం. సోషల్ వర్క్ అంటే జీతం రాని సేవే కదా అని చుట్టాలంటున్నారు. పైగా ఆడపిల్ల కాలనీల వెంట తిరగాలి. మా టెన్షనంతా అదే. ఏం చేయమంటారు? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందు జీతం సంగతి తేల్చుకుందాం. అది తేలకుండా నేను మిగతా ఏం చెప్పినా మీ చెవికెక్కదు.

ఎంఎస్‌డబ్ల్యూ అయ్యాక కొందరు నేరుగా ఉద్యోగాల్లోకి వెళ్తారు. జిల్లా బాలల సంరక్షణ విభాగం, బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రాలు, ఆసుపత్రుల్లో కౌన్సెలింగ్, స్వచ్ఛంద సంస్థలు... ఇలా ఉంటాయి. ఎక్కువ భాగం కాంట్రాక్టు పోస్టులే. బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య కింద తీసుకునే సోషల్ వర్కర్‌కి నోటిఫికేషన్లలో చూపించే జీతం నెలకు 18,536 రూపాయలు. మొదట్లో ఇంతకన్నా పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. మీ అమ్మాయి అంటున్న పరిశోధన దారి వేరు, దానికి ఎక్కువమంది యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాస్తారు. సోషల్ వర్క్ సబ్జెక్టులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుని పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000 ఫెలోషిప్ వస్తుంది. ఇంటి అద్దె భత్యం అదనం. జేఆర్‌ఎఫ్‌కి వయసు 30 లోపు ఉండాలి, అమ్మాయిలకు ఐదేళ్ళ సడలింపు ఉంది కాబట్టి తొందరేమీ లేదు. అయితే అది నెట్ పాసైనవాళ్ళలో కూడా కొద్దిమందికే దక్కుతుంది. పేపర్ ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియంలో చదివుంటే ఇప్పట్నించే రోజూ ఇంగ్లీషులో నాలుగు పేజీలు చదవడం మొదలుపెట్టమనండి. మన జిల్లా పిల్లలు నెట్ దగ్గర ఆగిపోయేది చాలావరకు ఇక్కడే.

డీఎస్సీ అంటే గ్యారంటీ అనుకోకండి. 2018 నోటిఫికేషన్ తర్వాత మళ్ళీ పెద్ద డీఎస్సీ పరీక్ష జరిగింది 2025లోనే. ఆ మధ్యలో బీఈడీ పట్టాలు చేతబట్టుకుని ప్రైవేటు స్కూళ్ళలో చాలీచాలని జీతానికి పనిచేసినవాళ్ళు మీ వీధిలోనూ ఉండే ఉంటారు.

ఇక అసలు విషయం. పరిశోధన అనగానే లైబ్రరీ, కంప్యూటరు, అంకెల పట్టికలు అనుకుంటారు. ఈ సబ్జెక్టులో పని మొదలయ్యేది ఒకరి గుమ్మం ముందు. విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద యానాది కుటుంబాలు కాపలా ఉండటం మీకు తెలిసిందే. గుంట గట్టు మీదే గుడిసె, యజమాని దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా మకాం అక్కడే. పరిశోధనకు వెళ్ళినామె 'మీ పిల్లాడు బడికి పోతున్నాడా?' అని అడిగితే 'పోతన్నాడమ్మా' అనే జవాబొస్తుంది. ఫారంలో టిక్ పడుతుంది. బడిలో రిజిస్టరు చూస్తే అక్కడా పేరుంటుంది. అంతా సవ్యంగానే ఉన్నట్టు లెక్క. అదే మనిషి కాసేపు కూర్చుని, 'నిన్న పొద్దున బడి గంట కొట్టే వేళప్పుడు వాడెక్కడున్నాడు?' అంటే వేరే కథ బయటికొస్తుంది. రాత్రంతా నాన్నతోపాటు గట్టు మీద మేలుకున్నాడు, పొద్దున లేవలేదు. లేకపోతే చెల్లెల్ని చూసుకోవడానికి ఉండిపోయాడు. పుట్టిన తేదీ కాగితం లేక ఆధార్ కాలేదు, ఆధార్ లేక కుల ధ్రువపత్రం రాలేదు, అది లేక హాస్టల్ సీటు చేజారింది. ఇలా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ప్రశ్న అడిగే తీరు మారితే రిపోర్టే మారిపోతుంది. ఎంఎస్‌డబ్ల్యూలో రెండేళ్ళపాటు ఫీల్డ్ వర్క్ పెట్టేది ఈ విద్య కోసమే.

ఎవరితో వెళ్ళామన్నదీ ముఖ్యమే. గుంట యజమాని బండెక్కి దిగితే ఆ రోజుతో పరిశోధన ముగిసినట్టే, మళ్ళీ ఎవరూ నోరు విప్పరు. అంగన్‌వాడీ టీచరుతోనో, ఆ కాలనీలోనే చదువుకున్న పిల్లతోనో వెళ్ళాలి. మాట్లాడటానికి ఒప్పుకున్నట్టు తీసుకునే సంతకం దగ్గర ఇంకో చిక్కుంది. వేలిముద్ర అనగానే అప్పు కాగితం గుర్తొచ్చే ఇళ్ళవి. సాక్షిని పెట్టుకుని నోటిమాటగా ఒప్పుకున్నట్టు రాసుకునే పద్ధతి ఉంది, అది ముందే నేర్చుకోవాలి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలతో మాట్లాడాలంటే పెద్దవాళ్ళ అనుమతి కావాలి, పిల్లల ఇష్టమూ కావాలి. 'నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను' అని మాత్రం ఏ పిల్లకీ మాటివ్వకూడదు. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి. ఆ సంగతి మాటలు మొదలుపెట్టక ముందే పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలి. పరిశోధకులుగా పేరున్నవాళ్ళు కూడా కొందరు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, నాకది గిట్టదు.

ఆడపిల్ల తిరగడం గురించి మీరు భయపడటంలో తప్పు లేదు. ఫీల్డుకి ఒంటరిగా పంపకూడదు. ఇద్దరిద్దరుగా వెళ్ళాలి, పొద్దుగూకేలోపు తిరిగి రావాలి, ఎక్కడికి వెళ్తున్నదీ సూపర్‌వైజర్‌కి తెలిసుండాలి. చేరేముందు డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళి ఈ ఏర్పాట్లు ఎలా ఉన్నాయో మీరే అడగండి. అడిగితే ఎవరూ ఏమనుకోరు. నిజానికి తల్లులతో, ఆడపిల్లలతో మాట్లాడే విషయంలో మగపిల్లలకన్నా మీ అమ్మాయికే పని సులువవుతుంది.

ఎంఎస్‌డబ్ల్యూకి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. దగ్గర్లో కావాలంటే కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీ ఉంది, ఏపీ పీజీసెట్ రాయాలి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌కి వెళ్ళగలిగితే పరిశోధనకు పునాది అక్కడ గట్టిగా పడుతుంది. దానికి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. ఖర్చు మాత్రం బాగా ఎక్కువ, అప్పు చేసి పంపమని నేననను.

యానాదుల మీదే ఎందుకు అని మీరు అడగలేదు గానీ, ఆ ఎంపిక నాకు నచ్చింది. సంఘ సేవకుడు వెన్నెలకంటి రాఘవయ్య గారు జీవితమంతా యానాదుల కోసం పనిచేసింది ఈ జిల్లాలోనే. ఆయన ఉండగానే శ్రీహరికోటకు రాకెట్ కేంద్రం వచ్చింది, ఆ తర్వాత తీరం పొడుగునా రొయ్యల గుంటలు వచ్చాయి, కొత్తగా అడగాల్సినవి చాలా పుట్టాయి. ఒకవేళ తర్వాత మనసు మారినా విషయాలకు కరువు లేదు. నెల్లూరు కోటమిట్టలో ఇంటర్ తర్వాత ముస్లిం అమ్మాయిల చదువు ఎటు పోతోంది? చీమకుర్తి గ్రానైట్ క్వారీలకు వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు తెలుగు బడిలో ఎలా నెట్టుకొస్తున్నారు? ఏది తీసుకున్నా కొత్త పనే.

ఇప్పుడే ఫీజు కట్టేయకండి. ముందు మీ దగ్గర్లో ఈ పిల్లలతో పనిచేసే సంస్థ ఏదైనా చూసి నెల రోజులు వాలంటీరుగా పంపండి. ఎండలో గట్ల మీద నడిచి, చెప్పిన మాటే పదిసార్లు చెప్పి, ఒక్క ఆధార్ దరఖాస్తు కోసం నాలుగుసార్లు సచివాలయానికి తిరిగాక కూడా ఇదే చేస్తానంటే ఎంఎస్‌డబ్ల్యూలో చేర్చండి. విసుగొచ్చిందంటే బీఈడీకి ఎడ్‌సెట్ ఏటా ఉంటుంది, వచ్చే ఏడు రాసుకోవచ్చు.