సర్వర్‌లోకి ఇంటి నుంచి వెళ్లాలంటే ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

ప్రశ్న: నమస్తే మేడమ్. గుంటూరు దగ్గర మాకు మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. ఆఫీసులో రెండు విండోస్ సర్వర్లు, ఒక ఉబుంటు సర్వర్ నడుస్తున్నాయి. ట్యాలీ, స్టాక్ వివరాలు అన్నీ వాటిలోనే. సీజన్‌లో రాత్రిళ్లు కూడా సరుకు దిగుతుంటుంది కాబట్టి, సర్వర్ ఆగితే ఇంటి నుంచే సరిచేయాలి. ఇప్పటిదాకా రౌటర్‌లో 3389 పోర్టు తెరిచి విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడాం. ప్రమాదమని ఒకరంటే పోర్టు నంబరు మార్చాం. ఇప్పుడు ఎనీడెస్క్ పెట్టమని ఒకరు, టీమ్‌వ్యూయర్ కొనమని ఒకరు, రస్ట్‌డెస్క్ అయితే ఫ్రీ అని ఇంకొకరు చెబుతున్నారు. ఏది సురక్షితం?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు రౌటర్‌లో ఆ పోర్ట్ ఫార్వార్డింగ్, అంటే బయటి నుంచి వచ్చేవాళ్లను నేరుగా సర్వర్‌కి పంపే దారి, తీసేయండి. మిగతాది తర్వాత చదవొచ్చు. కొత్త ఏర్పాటు పూర్తయ్యేదాకా రాత్రిళ్లు ఒకరు ఆఫీసులో పడుకోవాల్సి వచ్చినా సరే, అది మూసి ఉండాలి.

మూశాక సర్వర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సెక్యూరిటీ లాగ్‌లో 4625 అనే ఈవెంట్లు చూడండి. లాగిన్ విఫలమైనప్పుడల్లా విండోస్ రాసుకునే నంబరు అది. అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, టెస్ట్, బ్యాకప్, ట్యాలీ అంటూ మీ స్టాఫ్ ఎవరూ కొట్టని పేర్లతో, అర్ధరాత్రి వేళల్లో వరసపెట్టి ప్రయత్నాలు కనిపించే అవకాశం చాలా ఎక్కువ. మీ మీద ఎవరికో పగ ఉండి చేసేది కాదు ఇది. ఇంటర్నెట్‌లోని అడ్రసులన్నిటినీ జల్లెడ పట్టే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. అవి పోర్టు నంబరు చూసి ఊరుకోవు. అవతలి నుంచి వచ్చే సమాధానాన్ని బట్టి అక్కడ ఉన్నది రిమోట్ డెస్క్‌టాప్ అని పసిగడతాయి. అందుకే నంబరు మార్చడం వల్ల లాగ్‌లో గోల కొంత తగ్గుతుందేమో గాని, రక్షణ మాత్రం రాదు.

పాస్‌వర్డ్ గట్టిగా పెట్టుకున్నాం కదా అనుకోవద్దు. 2019 మేలో బయటపడ్డ బ్లూకీప్ అనే లోపానికి అసలు పాస్‌వర్డే అక్కర్లేదు. లాగిన్ కాకముందే సర్వర్‌ని చేతిలోకి తీసుకోవచ్చు, అక్కడి నుంచి ఇంకో కంప్యూటర్‌కి పాకవచ్చు. సపోర్ట్ ఎప్పుడో ఆపేసిన ఎక్స్‌పీకి, సర్వర్ 2003కి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చిందంటే దాని తీవ్రత అర్థం చేసుకోండి. మీ విండోస్ సర్వర్లు ఏ వెర్షనో మీరు రాయలేదు. 2012 ఆర్2 అయితే దానికి మామూలు అప్‌డేట్లు 2023 అక్టోబరు 10తో ఆగిపోయాయి. దాన్ని మార్చే ఖర్చు ఈ ఏడాది లెక్కలోనే పెట్టుకోండి.

నాకు తెలిసిన ఒక వ్యాపార సంస్థలో సరిగ్గా మీలాంటి ఏర్పాటే ఉండేది. పండగ సెలవుల్లో ఎవరో లోపలికొచ్చారు. ఆఫీసు తెరిచేసరికి ట్యాలీ డేటా మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి, తెరవడానికి వీల్లేకుండా ఉంది. బ్యాకప్ తీసే డిస్కు కూడా అదే సర్వర్‌కి తగిలించి ఉండటంతో అదీ పోయింది. నేను వెళ్లేటప్పటికి అకౌంటెంట్ కాగితం బిల్లులు ముందేసుకుని, ఏప్రిల్ నుంచి మళ్లీ ఎంట్రీ చేస్తున్నాడు. ఆయన మొహం చూశాక ఈ విషయంలో మెత్తగా చెప్పడం మానేశాను.

మీరు అడిగింది ఏ సాఫ్ట్‌వేర్ అని. చాలా ఏళ్లు సర్వర్ల పని చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. పాస్‌వర్డ్ అడిగే ఆ స్క్రీన్ లోకంలో ఎవరెవరికి కనబడుతోంది? మీవాళ్లకు తప్ప ఎవరికీ కనబడకపోతే, విండోస్‌తో వచ్చే రిమోట్ డెస్క్‌టాప్ మీకు బాగానే సరిపోతుంది. అందరికీ కనబడుతుంటే, ఎంత ఖరీదైనది కొన్నా టెన్షన్ తప్పదు.

కాబట్టి విండోస్‌కి దాని సొంత రిమోట్ డెస్క్‌టాప్, ఉబుంటుకి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లతో సర్వర్ నడిపే పద్ధతి) వాడండి. కానీ రెండింటినీ వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (మీవాళ్లకు మాత్రమే తెరుచుకునే ప్రైవేట్ దారి) లోపల ఉంచండి. ఇది ఉచితం, 2020 నుంచి లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే భాగం. దీనిలో నాకు బాగా నచ్చే గుణం, సరైన కీ (డిజిటల్ తాళంచెవి) లేనివాళ్లు తట్టినప్పుడు ఇది అసలు జవాబే ఇవ్వదు. తప్పు పాస్‌వర్డ్ అని కూడా చెప్పదు. వెతికే ప్రోగ్రాములకు అక్కడ ఏదీ లేనట్టే ఉంటుంది. మీ రౌటర్‌లో వైర్‌గార్డ్ లేకపోతే ఒక చిన్న పీసీలో లినక్స్ వేసి నడపొచ్చు. రౌటర్‌లో దానికి కావలసిన ఒక్క యూడీపీ పోర్టు, మామూలుగా 51820, మాత్రమే తెరవండి.

కీ మనిషికొకటి కాదు, పరికరానికొకటి ఇవ్వండి. మీ ల్యాప్‌టాప్‌కి ఒకటి, ఫోన్‌కి ఒకటి. ఫోన్ పోతే ఆ ఒక్క కీ తీసేస్తే సరిపోతుంది, మిగతావాళ్ల పని ఆగదు. వైర్‌గార్డ్‌కి సొంతంగా ఓటీపీ లాంటి రెండో తనిఖీ లేదు, అది దాని లోటు. ల్యాప్‌టాప్ దొంగ చేతిలో పడితే కీ కూడా పడ్డట్టే. అందుకే ఆ ల్యాప్‌టాప్‌లో డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఆన్ చేయండి. సర్వర్‌లో నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్ (రిమోట్ స్క్రీన్ తెరవకముందే పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటు) తప్పనిసరి చేయండి. తప్పు పాస్‌వర్డ్ కొన్నిసార్లు కొడితే ఖాతా కాసేపు లాక్ అయ్యేలా పెట్టండి. రెండో తనిఖీ కూడా ఉండి తీరాలనుకుంటే అపాచీ గ్వాకమోలీ చూడండి. బ్రౌజర్‌లోనే రిమోట్ డెస్క్‌టాప్, ఎస్ఎస్‌హెచ్ రెండూ తెరుస్తుంది, ఫోన్ యాప్‌లో వచ్చే కోడ్ అడుగుతుంది, ఎవరేం చేశారో రికార్డు చేయగలదు. అదీ ఉచితమే. పెట్టగానే దాని డిఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చాలి, దాన్ని కూడా వీపీఎన్ లోపలే ఉంచాలి.

ఇక మీవాళ్లు చెప్పిన మూడు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ రెండూ జర్మనీ కంపెనీలవి. వాటిలో ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, రౌటర్‌లో ఏమీ తెరవక్కర్లేదు. ఈ సుఖం నిజమైనదే. కానీ అప్పుడు మీ సర్వర్ భద్రత ఆ కంపెనీ భద్రతతో ముడిపడుతుంది. ఎనీడెస్క్ తన ప్రొడక్షన్ సిస్టమ్స్‌లోకి చొరబాటు జరిగిందని 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. వెబ్ పోర్టల్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దు చేసి, సాఫ్ట్‌వేర్ మీద వేసే డిజిటల్ సంతకం సర్టిఫికెట్ కూడా మార్చింది. అదే ఏడాది జూన్‌లో టీమ్‌వ్యూయర్ ఆఫీసు నెట్‌వర్క్‌లో చొరబాటు జరిగింది. కస్టమర్ల డేటా వరకు అది రాలేదని కంపెనీ చెప్పింది. దాచకుండా బయటపెట్టినందుకు ఇద్దరినీ మెచ్చుకోవాలి. ఇంకో సంగతి, ఈ రెండింటి ఫ్రీ వెర్షన్లు సొంత వాడకానికే. వ్యాపారానికి లైసెన్స్ కొనాలి. రస్ట్‌డెస్క్ ఓపెన్ సోర్స్. దాని మధ్యవర్తి సర్వర్‌ని మనమే పెట్టుకోవచ్చు, అది పెద్ద లాభం. పెట్టుకున్నాక దాని అప్‌డేట్ల బాధ్యత కూడా మనదే.

కౌంటర్‌లో అమ్మాయి ప్రింటర్ పనిచేయట్లేదని ఫోన్ చేస్తే, ఆమె చూస్తుండగా స్క్రీన్ తెరిచి సరిచేయడానికి ఈ మూడింటిలో ఏదైనా వాడుకోండి. సర్వర్‌లో మాత్రం ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా పెట్టొద్దని నా సలహా.

ట్యాలీ గురించి ఒక మాట. మీ అకౌంట్స్ స్టాఫ్ కూడా రిమోట్ డెస్క్‌టాప్‌లోనే ట్యాలీ వాడుతుంటే, వాళ్లందరికీ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఇచ్చారా? చాలాచోట్ల అదే జరుగుతోంది. ఒక్కొక్కరికి మామూలు ఖాతా తీసి, రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ గ్రూపులో కలపండి. విండోస్ సర్వర్‌లో అడ్మిన్ పనికోసం ఒకేసారి ఇద్దరు వెళ్లొచ్చు, అంతకుమించితే లైసెన్సులు కొనాలి. కొనకుండా పదిమందిని పంపే అడ్డదారి ప్యాచ్‌లు దొరుకుతాయి. విండోస్ అప్‌డేట్ రాగానే అవి పనిచేయడం మానేస్తాయి, దాంతో జనం అప్‌డేట్లే ఆపేస్తారు. అసలు నష్టం అక్కడ మొదలవుతుంది. ఇళ్ల నుంచి వచ్చే ల్యాప్‌టాప్‌ల డ్రైవ్‌లు సర్వర్‌లో కనబడకుండా డ్రైవ్ రీడైరెక్షన్ కూడా ఆపండి. బ్యాకప్ కాపీ ఒకటి సర్వర్‌కి తగిలించకుండా విడిగా ఉంచండి.

ప్రశ్న: మాది కరీంనగర్‌లో చిన్న ప్రైవేట్ ఆస్పత్రి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కంపెనీవాళ్లు మా సర్వర్‌లో రిమోట్ సాఫ్ట్‌వేర్ పెట్టి, ఫిక్స్‌డ్ పాస్‌వర్డ్‌తో ఎప్పుడైనా వచ్చేలా ఉంచాలంటున్నారు. లేకపోతే సర్వీస్ ఇవ్వలేమంటున్నారు. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఒప్పుకోకండమ్మా. పేషెంట్ల వివరాలున్న సర్వర్ అది. కంపెనీలో ఆ పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసో, ఉద్యోగం మానేసినవాళ్ల దగ్గర అది ఉందో లేదో మీకు తెలిసే దారి లేదు. కస్టమర్లందరికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టే కంపెనీలను నేను చూశాను.

గొడవ పడక్కర్లేదు, షరతులు రాతలో పెట్టండి. సర్వీస్‌కి వచ్చే ప్రతి ఇంజినీర్‌కి తన పేరుతో ఖాతా ఉండాలి. పని ఉన్నప్పుడు ఫోన్ చేస్తే మీ మనిషి దాన్ని ఎనేబుల్ చేస్తాడు, పని అయ్యాక డిసేబుల్ చేస్తాడు. సెషన్ జరుగుతున్నంతసేపు మీవాళ్లు ఒకరు చూస్తారు. ఎవరైనా కంపెనీ మానేస్తే ఆ రోజే మీకు తెలియజేయాలి. ఏఎంసీ (ఏడాది సర్వీస్ ఒప్పందం) రెన్యువల్ అప్పుడు ఇవన్నీ ఒప్పందంలో చేర్పించండి. బేరమాడే బలం మీకు అప్పుడే ఎక్కువ.

వాడని ఖాతా ఎంత పని చేస్తుందో 2021 మేలో అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్‌లో చూశాం. వాడకంలో లేని పాత వీపీఎన్ ఖాతా ఒకటి అలాగే ఉండిపోయింది, దానికి రెండో తనిఖీ లేదు. దాని పాస్‌వర్డ్‌తోనే లోపలికొచ్చారు. పెద్ద ఇంధన పైప్‌లైన్‌ని కొన్ని రోజులు ఆపేయాల్సి వచ్చింది.

లాగ్‌లు కూడా దాచండి. సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, సైబర్ ఘటన దృష్టికి వచ్చిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి. అందరూ ఒకే ఖాతాతో వస్తుంటే, లాగ్ ఉన్నా వచ్చింది ఎవరో చెప్పలేరు.

ప్రశ్న: విశాఖపట్నంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. ఇంట్లో చిన్న లినక్స్ సర్వర్ పెట్టుకున్నాను. హాస్టల్ నుంచి దాని స్క్రీన్‌ని వీఎన్‌సీ అనే రిమోట్ సాఫ్ట్‌వేర్‌తో చూడాలని పోర్ట్ ఫార్వార్డింగ్ చేస్తే పనిచేయట్లేదు. ఏం చేయాలి?
– ఒక విద్యార్థి

జవాబు: మీ బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ చాలా ఇళ్లకు కలిపి ఒకే పబ్లిక్ ఐపీ ఇస్తుండొచ్చు. అలా అయితే మీ రౌటర్‌లో ఏది తెరిచినా బయటివాళ్లకు చేరదు. నిజానికి చేరకపోవడమే మంచిదైంది. వీఎన్‌సీ పాత పద్ధతిలో పాస్‌వర్డ్‌లో మొదటి ఎనిమిది అక్షరాలే లెక్కలోకి వస్తాయి, స్క్రీన్ సమాచారం ఎన్‌క్రిప్ట్ కాకుండానే వెళుతుంది.

టెయిల్‌స్కేల్ వాడి చూడండి. లోపల పనిచేసేది వైర్‌గార్డే, పబ్లిక్ ఐపీ లేకపోయినా కలుపుతుంది. లాగిన్‌కి వాడే గూగుల్ ఖాతాకి రెండంచెల తనిఖీ తప్పకుండా పెట్టండి. ఆపైన ఎస్ఎస్‌హెచ్‌కి ఒక కీ తయారుచేసుకుని, ఆ కీతో లాగిన్ అవుతోందని చూసుకున్నాకే పాస్‌వర్డ్ లాగిన్ ఆపేయండి. ముందే ఆపేస్తే మీరే బయట ఉండిపోతారు. స్క్రీన్ చూడాల్సినప్పుడు వీఎన్‌సీని ఆ సర్వర్ లోపలికే పరిమితం చేసి, ఎస్ఎస్‌హెచ్ టన్నెల్‌లోంచి, అంటే దాని ఎన్‌క్రిప్టెడ్ దారిలోంచి, తెరవండి. కొన్నాళ్లకు కమాండ్ లైన్ అలవాటవుతుంది, వీఎన్‌సీ అవసరం చాలావరకు తగ్గిపోతుంది.