జవానుగా చేరితే ఆఫీసర్ కావచ్చా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మావాడు ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. అగ్నివీర్‌గా చేరతానని, యుద్ధమొస్తే చకచకా ప్రమోషన్లొచ్చి ఆఫీసర్ అయిపోతానని అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. పంపమంటారా?

జవాబు: అమ్మా, మీవాడి మాటలో కొంత నిజముంది. యుద్ధంలో ర్యాంకులు త్వరగానే వస్తాయి. ఎందుకొస్తాయో కూడా వాడికి తెలియాలి. పదిమంది జవాన్ల చిన్న దళాన్ని నడిపే సెక్షన్ కమాండర్ నేలకొరిగితే ఆ క్షణమే పక్కవాడు బాధ్యత తీసుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో మన సైన్యం సుమారు 2 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగింది కాబట్టి జవాన్లలోంచే ఎదిగే హవల్దార్లు, సుబేదార్లు ఎందరో కావలసివచ్చారు. అయితే యుద్ధకాలపు ర్యాంకుల్లో తాత్కాలికమైనవి చాలా ఉండేవి. యుద్ధం అయ్యాక పాత ర్యాంకుకి దిగినవాళ్లున్నారు.

కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్ మీద 1999లో పోరాడి పరమవీర చక్ర పొందిన యోగేంద్ర సింగ్ యాదవ్‌కి అప్పుడు 19 ఏళ్లు. 2021 చివర్లో రిటైరయ్యేనాటికి ఆయన సుబేదార్ మేజర్ (జవానుగా చేరినవాళ్లు ఎదిగే ర్యాంకుల్లో పైమెట్టు), గౌరవ కెప్టెన్. అంతటి వీరుడికే ఇరవై రెండేళ్లు పట్టింది. యుద్ధాన్ని నమ్ముకుని కెరీర్ ప్లాన్ చేసుకోవద్దని వాడికి గట్టిగా చెప్పండి.

జవాను ఆఫీసరయ్యే అసలు దారి డెహ్రాడూన్‌లోని ఆర్మీ క్యాడెట్ కాలేజీ. ఇంటర్ పాసై, కనీసం రెండేళ్ల సర్వీసు ఉండి, 20 నుంచి 27 ఏళ్ల లోపు జవాన్లు పరీక్ష, ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూ నెగ్గితే మూడేళ్ల డిగ్రీ, ఆపై ఏడాది ఐఎంఏ (ఇండియన్ మిలిటరీ అకాడమీ) శిక్షణ. కానీ అగ్నివీర్ సర్వీసు నాలుగేళ్లే. ఆ తర్వాత రెగ్యులర్‌గా ఉంచుకునేది 25 శాతం లోపే. ఆఫీసర్ కావాలన్న కోరికకి అది చుట్టుదారి.

అందుకే ముందు ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాయించండి, అది ఇంటర్ తర్వాత నేరుగా ఆఫీసర్ శిక్షణకి వెళ్లే దారి. యూపీఎస్సీ ఏటా రెండుసార్లు పెడుతుంది. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర. లెక్కలకి 300 మార్కులు, ఎంపీసీ కుర్రాడికి అది కలిసొస్తుంది. ఇబ్బందల్లా ఇంగ్లిష్‌తోనే. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది, తెలుగులో ఉండదు. మన పల్లెల పిల్లలు చురుకైనవాళ్లయినా ఇక్కడే ఆగిపోవడం చూస్తే నాకు బాధేస్తుంది. ఈరోజు నుంచే రోజూ గంటసేపు ఇంగ్లిష్ పేపరు చదివించండి. పొద్దున్నే కాలవ గట్టు మీద పరుగు ఎలాగూ మానకూడదు, అది రెండు దారులకీ పనికొస్తుంది.

ఇన్‌ఫాంట్రీలో (ముందుండి పోరాడే పదాతి దళంలో) ప్రమాదం లేదని నేను చెప్పను. మీ భయం న్యాయమైనదే. ఒక ఆదివారం వాణ్ణి తీసుకుని తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం వెళ్లండి. అక్కడ రిటైరైన సుబేదార్లుంటారు. ఒక్కో మెట్టుకి ఎన్నేళ్లు పట్టిందో, ఇంట్లోవాళ్లు ఎలా గడిపారో అడగండి. వాడితో పాటు మీరూ కూర్చుని వినండి.